ఆకలి – నిద్ర – బాల్యము

"ఆకలి రుచి యెఱుగదు, నిద్ర సుఖ మెఱుగదు" అని తెలుగువారి సామెత. దీనిని పుట్టించిన పల్లెవాసులు ఏ వైద్యశాస్త్రమును చదివినవారు కారు. అయినను ఆకలిని, నిద్రను ఒక్క మాటలో జంటగా కూర్చుటలో వారి లోకానుభవము కనబడుచున్నది. ఈ రెండును అక్కచెల్లెండ్రనియు, ఒకదానికి కీడు కలిగినచో రెండవది ఊరకుండదనియు నేటి శరీరశాస్త్రము చెప్పుచున్నది. ఈ యక్కచెల్లెండ్రకు తోడు మూడవది యొకటి కలదు, అది మనఃక్లేశము. ఎదుగుచున్న బిడ్డ దేహమున ఈ మూడును ఎట్లు పెనవేసికొని యుండునో తెలిసికొనుట తల్లిదండ్రులకు ఎంత అవసరమో, ఉపాధ్యాయులకును అంత అవసరము. ఏలయన, బిడ్డ మేల్కొనియున్న కాలములో పెద్దభాగము బడియందే గడచుచున్నది.

కుంభకర్ణుని పాలి అపవాదు

నిద్రకును స్థూలకాయమునకును సంబంధము కలదను భావము నిన్న మొన్నటిది కాదు. చరకసంహిత సూత్రస్థానమున అతిస్థూలుని గూర్చియు, అతికృశుని గూర్చియు చెప్పిన అధ్యాయముననే నిద్రను గూర్చియు చర్చ కలదు. చిక్కిపోయినవానికి పుష్టి కలిగించు ఉపాయములలో నిద్ర యొకటియని ఆ గ్రంథము భావించినది. మన యిండ్లలోను అదే నమ్మకము. "తిని పండుకొన్న ఒళ్లు రాక యేమగును?" అని పెద్దలందురు. ప్రొద్దెక్కినను లేవని పిల్లవానికి కుంభకర్ణుడని పేరు పెట్టుదురు. పెద్ద దేహమునకు పెద్ద నిద్ర అనునది మన ఊహలో అంతగా పాతుకొని పోయినది.

ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్స్ 1836–37 సంవత్సరములలో ప్రకటించిన 'పిక్విక్ పేపర్స్' నందును ఇట్టి పాత్ర యొకటి కలదు. జో అను ఆ లావుపాటి కుఱ్ఱవాడు తినుటకు మేల్కొనును. తక్కిన వేళల నిలుచున్నచోటనే కునుకు తీయును. చదువరులు వానిని చూచి నవ్వుకొనిరి. కాని అతిస్థూలకాయము వలన శ్వాస మందగించి, పగలంతయు మగతగా నుండు రోగులకు 1956లో అమెరికా వైద్యులు ఈ నవల పేరే తగిలించి, దానినొక వ్యాధిగా వర్ణించిరి. నవ్వు కలిగించిన కుఱ్ఱవాడు జాలిగొలుపు రోగిగా కనబడెను.

అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. గొంతులో గవదలు వాచిన బిడ్డలకును, కంఠమున క్రొవ్వు చేరిన బిడ్డలకును రాత్రివేళ ఊపిరి సరిగా ఆడదు. గురకపెట్టుదురు. నడుమ నడుమ శ్వాస ఆగి, తెలియకయే ఉలికిపడి మేలుకొందురు. పది గంటలు పడకపై నున్నను వారికి దక్కిన నిద్ర స్వల్పము. అట్టి బిడ్డ మఱునాడు తరగతిలో తూగినచో, ఆ తూగుట నిద్ర ఎక్కువై కాదు, తక్కువై. కార్యమును చూచి కారణమనుకొనుట లోకమునకు అలవాటు. జో యెడలను అదే జరిగినది. మన తరగతులలోని కుంభకర్ణుల యెడలను అదే జరుగుచున్నది.

రాత్రివేళ దేహము చేయు పని

నిద్రయనగా దేహమునకు సెలవుదినమని చాలమంది యనుకొందురు. నిజమునకు అది రాత్రి పనివారు పనిలోనికి దిగు వేళ. 1968లో తకహాషి, కిప్నిస్, దాఘడే అను పరిశోధకులు నిద్రించుచున్నవారి నెత్తురును వేళవేళకు పరీక్షించి, పెరుగుదలకు కారణమైన హార్మోను, కన్ను మూసిన తొలి గంటలలోని గాఢనిద్రయందు వెల్లువవలె వెలువడుచున్నదని కనుగొనిరి. "పండుకొన్న బిడ్డ పెరుగును" అని అమ్మమ్మలు చెప్పిన మాటలో ఇంత నిజము కలదు.

ఇదే వేళ మఱియొక హార్మోను అణగి యుండును. దాని పేరు కార్టిసాల్. మూత్రపిండములపై చిన్న టోపీలవలె అమరియున్న అధివృక్కగ్రంథుల పైపొరనుండి ఇది పుట్టును. మెదడులోని హైపోథాలమస్ అను భాగము ఆజ్ఞ యిచ్చును. మెదడు క్రింద వ్రేలాడు పీయూషగ్రంథి ఆ యాజ్ఞను అందుకొని నెత్తురుద్వారా క్రిందికి పంపును. అధివృక్కగ్రంథి దానిని పాలించును. ఈ గ్రంథి పైపొరలోని హార్మోనులను శోధించినందుకు కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్ అను మువ్వురకు 1950లో నోబెల్ బహుమానము లభించెను.

కార్టిసాల్‌కు దినచర్య కలదు. నడిరేయి దాని మట్టము మిక్కిలి తక్కువ. తెల్లవారుజామున క్రమముగా పెరిగి, కన్ను తెఱచిన పిమ్మట అరగంట ముప్పావుగంటలో శిఖరమునకు చేరును. సాయంకాలమునకు మరల దిగిపోవును. అప్పుడే పుట్టిన శిశువునకు ఈ క్రమము లేదు. రేయి పగలు తెలియని ఆ శిశువు నిద్రకు కుదురు వచ్చుకొలది, తొలి నెలలలో ఈ హార్మోనుకును కుదురు వచ్చును. రెండును కలిసి నేర్చుకొను పాఠమిది.

ఈ కార్టిసాల్ విషము కాదు. ఉదయమున పడకనుండి లేపునది అదియే. ఆపద వచ్చినపుడు నెత్తురులోనికి చక్కెరను విడుదల చేయించి, కాళ్లకు పరుగు నిచ్చునది అదియే. 1936లో హాన్స్ సెల్యే అను శాస్త్రజ్ఞుడు, దేహమునకు కీడు ఏ రూపమున వచ్చినను అది ఒకే తీరున స్పందించునని ఎలుకలపై చేసిన ప్రయోగములవలన చూపెను. ఆ పరిశోధననుండియే 'స్ట్రెస్' అను మాట లోకమెల్ల వ్యాపించినది. పులి యెదురైనపుడు ఈ యేర్పాటు ప్రాణము కాపాడును. పులి పోయినపిమ్మట హార్మోను దిగిపోవలెను. చిక్కంతయు పులి పోనపుడే. పరీక్ష, బెత్తము, ఇంటిలో అమ్మానాన్నల జగడము, తోటివారి యెగతాళి – ఇవి బిడ్డకు ప్రతిదినము ఎదురగు పులులు. అప్పుడు సాయంకాలమునకు దిగవలసిన కార్టిసాల్ దిగదు. దిగనిచో నిద్ర పట్టదు. నిద్ర పట్టనిచో మఱునాటి సాయంకాలమున అది మఱింత దిగదు. కార్టిసాల్ చాలకాలము హెచ్చుగా నున్నచో తీపిపైనను క్రొవ్వు పదార్థములపైనను కోరిక హెచ్చును. పొట్టచుట్టు క్రొవ్వు చేరును. ఎముకల పెరుగుదల మందగించును. ఈ హార్మోను మితిమీరిన రోగము కలిగిన బిడ్డలు అడ్డముగా బలిసి, నిలువున ఎదుగకుండుట వైద్యులెఱిగిన విషయమే.

రెండు అనాథశాలల కథ

మనసులోని క్లేశము త్రాసులో తూగునా? తూగునని చెప్పిన పరిశోధన యొకటి కలదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసినపిమ్మట, 1948లో, జర్మనీయందు బ్రిటిషువారి యధీనమున నున్న భాగమున ఎల్సీ విడోసన్ అను ఆంగ్లశాస్త్రజ్ఞురాలు ఆహారమును గూర్చి పరిశోధించుచుండెను. అచ్చట రెండు చిన్న అనాథశాలలు ఉండెను. ఒకదాని పేరునకు పక్షిగూడని యర్థము. రెండవదాని పేరునకు తేనెటీగల యిల్లని యర్థము. ఒక్కొక్కదానిలో నాలుగు మొదలు పదునాలుగేండ్ల వఱకు వయసుగల బిడ్డలు సుమారు ఏబదిమంది. రెండింటను ఒకే రేషను తిండి. రెండు వారముల కొకసారి బిడ్డలను తూచుచుండిరి.

తొలి ఆఱు నెలలు ఇరువురకును అధికాహార మీయలేదు. ఆపైన పక్షిగూటి బిడ్డలకు మాత్రము రొట్టె, పండ్లపాకము, నారింజరసము అదనముగా నిచ్చిరి. అదనపు తిండి తిన్నవారు బరువు హెచ్చుదురని ఎవరైనను అనుకొందురు. జరిగినది దానికి విరుద్ధము. మొదటి ఆఱు నెలలలో, అదనపు తిండి లేనప్పుడే, పక్షిగూటివారు చక్కగా పెరిగిరి. రెండవ ఆఱు నెలలలో, తిండి పెరిగినపిమ్మట, వారి పెరుగుదల కుంటువడెను. రేషనుతోనే కాలము గడపుచున్న తేనెటీగల యింటివారు వారిని మించిపోయిరి.

విడోసన్ కారణమును వెదకెను. పక్షిగూటి పూర్వపు పర్యవేక్షకురాలు పిల్లలయెడ ప్రేమ గలది. తేనెటీగల యింటి పర్యవేక్షకురాలు కఠినురాలు. సరిగా అదనపు తిండి మొదలిడిన సమయముననే మొదటి యామె వెడలిపోగా, ఆ కఠినురాలు ఆమె స్థానమునకు మాఱి వచ్చెను. ఆమెకు భోజనవేళయే మందలింపు వేళ. పిల్లలు పళ్లెముల ముందు కూర్చున్నపిమ్మట ఒక్కొక్కరి తప్పును ఎత్తి అందఱియెదుట చీవాట్లు పెట్టుచుండెను. తిండి చల్లారిపోవుచుండెను, ఒక బిడ్డ యేడ్చుచుండగా తక్కినవారు తమ వంతు ఎప్పుడు వచ్చునో యని బెదరుచుండిరి. ఆమెకు ఇష్టులైన పిల్లలు ఎనిమిదిమంది ఉండిరి. వారిని ఆమె తనవెంట పక్షిగూటికి తెచ్చుకొనెను. అదే కప్పు క్రింద, అదే బల్లయొద్ద, అదే రొట్టె తిని ఆ యెనిమిదిమంది మాత్రము బాగుగా బరువెక్కిరి.

ఈ పరిశోధన 1951లో 'లాన్సెట్' అను వైద్యపత్రికలో వెలువడినది. పుట్లకొలది ధాన్యముతో పూరింపలేని లోటును ఒక మనిషి ముఖమునందలి ప్రసన్నత పూరింపగలదని అది లోకమునకు చెప్పినది.

పదునాఱేండ్ల పిమ్మట, 1967లో, అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు పదుమువ్వురు పిల్లల కథ ప్రకటించిరి. వయసునకు తగిన యెత్తు లేక, పెరుగుదల హార్మోను లోపించినవారివలె వారు కనబడిరి. అందఱును కలతలతో కూడిన కుటుంబములవారు. వారిలో తిండికై పాకులాడువారును, రాత్రులు నిద్రలేక ఇల్లంతయు తిరుగువారును ఉండిరి. ఏ హార్మోను మందు నీయకయే, వారిని ఆ యిండ్లనుండి తప్పించి ఆదరణగల చోట ఉంచినంతనే, వారు గబగబ ఎదుగసాగిరి. నిద్ర, తిండి, పెరుగుదల, మనఃక్లేశము – నాలుగును ఒకే గొలుసులోని కొక్కెములని ఆ పదుమువ్వురి దేహములు సాక్ష్యము పలికినవి.

కొఱతపడిన నిద్ర, హెచ్చిన బరువు

క్లేశము బిడ్డను కృశింపజేసిన కథ యిది. అదే క్లేశము తిండికి కొదువలేని యింట బిడ్డను స్థూలునిగా చేయవచ్చును. ఇందు నిద్ర పాత్ర యెంత యను ప్రశ్న గడచిన పాతికేండ్లలో బాగుగా పరిశీలింపబడినది.

1999లో చికాగో విశ్వవిద్యాలయమువారు పదునొకండుగురు ఆరోగ్యవంతులైన యువకులను ఆఱు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే పండుకొననిచ్చిరి. సాయంకాలపు కార్టిసాల్ హెచ్చినది. చక్కెరను అదుపునం దుంచుకొను శక్తి తగ్గినది. 2004లో వారే పన్నిద్దఱు యువకులపై మఱియొక ప్రయోగము చేసిరి. ఆకలిని గూర్చి మెదడునకు వార్తలందించు హార్మోనులు రెండు కలవు. 'చాలు' అని చెప్పునది లెప్టిన్; దీని జాడ 1994లో తెలిసినది. 'ఇంకను కావలె' నని చెప్పునది గ్రెలిన్. దీనిని 1999లో జపానువారు కనుగొనిరి. రెండు రాత్రులు నిద్ర కఱవైనంతనే ఆ యువకులలో లెప్టిన్ 18 శాతము తగ్గి, గ్రెలిన్ 28 శాతము పెరిగినది. "ఆకలి రుచి యెఱుగదు" అన్న సామెతలోని రెండు సగములకును నడుమ నున్న వంతెన ఇదియే.

ఇవి పెద్దవారి మాటలు. పిల్లల సంగతి యేమి? ఇంగ్లండులో వేలకొలది పిల్లలను పుట్టుకనుండి గమనించుచు వచ్చిన పరిశోధకులు, మూడవ యేట రాత్రి పదిన్నర గంటలకంటె తక్కువ నిద్రించినవారు ఏడవ యేట స్థూలకాయులగు నవకాశము హెచ్చని 2005లో తెలిపిరి. 2008లో పెక్కు దేశముల పరిశోధనలను ఒకచోట చేర్చి, ముప్పదివేలమంది పిల్లల లెక్కలు చూడగా, నిద్ర చాలని పిల్లలయందు స్థూలకాయమునకు గల మొగ్గు తక్కినవారికంటె ఇంచుమించు రెండింతలుగా కనబడెను.

రెండు విషయములు జతగా కనబడినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణమని చెప్పరాదు. ఆలస్యముగా పండుకొను యింట టెలివిజను చూచుటయు, వేళకాని వేళ చిరుతిండ్లు తినుటయు, ఇంటి పేదఱికమును కలిసియుండవచ్చును. కావున 2013లో అమెరికాలో ఎనిమిది మొదలు పదునొకండేండ్ల వఱకు గల 37 మంది పిల్లలపై నేరుగా ప్రయోగము చేసిరి. ప్రతి బిడ్డయు ఒక వారము తన యలవాటుకంటె గంటన్నర యెక్కువ, మఱియొక వారము గంటన్నర తక్కువ పడకపై నుండవలెను. ఎక్కువ నిద్రించిన వారమున, తక్కువ నిద్రించిన వారముతో పోల్చగా, వారు దినమునకు 134 కేలరీల తిండి తక్కువ తినిరి. బరువు సుమారు పావుకిలో తక్కువగా నుండెను. పథ్యము లేదు, వ్యాయామము లేదు. కలిగినది ఒక్క నిద్ర మాత్రమే. అయితే ఇచ్చట లెప్టిన్ పెద్దవారిలోవలె నడువక, ఎక్కువ నిద్రించిన వారముననే తక్కువగా నుండెను. పిల్లల బరువునకును కార్టిసాల్‌కును గల సంబంధమును గూర్చియు పరిశోధనలన్నియు ఏకకంఠముగా లేవు. పిల్లలనగా చిన్న ప్రమాణముగల పెద్దవారు కారని దీనివలన తెలియదగును.

మన ముంగిట

ఒకే వాడలో బక్కచిక్కిన బిడ్డయు, బరువెక్కిన బిడ్డయు ప్రక్కప్రక్కనే కనబడు కాలమిది. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము మన దేశమున అయిదేండ్లలోపు పిల్లలలో 35.5 శాతము వయసునకు తగిన యెత్తు లేనివారు, 3.4 శాతము బరువు మించినవారు. అంతకు ముందటి సర్వేలో ఈ రెండవ సంఖ్య 2.1 మాత్రమే. ఈ యిరువురి కష్టమును తిండి యను ఒక్క కంటితో చూచుట చాలదు.

ఎంత నిద్ర చాలును? 2016లో అమెరికా నిద్రావైద్యుల సంఘము చెప్పిన లెక్క యిది: మూడు మొదలు అయిదేండ్ల వఱకు పగటి కునుకుతో కలిపి 10 మొదలు 13 గంటలు, ఆఱు మొదలు పన్నెండేండ్ల వఱకు 9 మొదలు 12 గంటలు, పదుమూడు మొదలు పదునెనిమిదేండ్ల వఱకు 8 మొదలు 10 గంటలు. ఈ లెక్కను ప్రక్కన నుంచుకొని మన యువకుల దినచర్యను చూడవలెను. రాత్రి పదునొకండు వఱకు చదివించి, తెల్లవారుజామున అయిదింటికి గంట కొట్టు వసతి కళాశాలలు ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను లేకపోలేదు. అందు విద్యార్థికి చిక్కునది ఆఱు గంటలు. తక్కువలో తక్కువ లెక్కకును రాత్రికి రెండు గంటల అప్పు. ఆఱు రాత్రులలో పండ్రెండు గంటలు. ఆదివారమున ఒక్క పగలు నిద్రించినంత మాత్రాన ఈ అప్పు తీరదు.

"మన పెద్దలు బ్రాహ్మీముహూర్తముననే లేచి వల్లెవేయలేదా?" అని యడుగవచ్చును. లేచిరి. కాని వారు దీపములు పెట్టిన పిమ్మట జాము గడవకముందే పండుకొనిరి. వారి వేకువను మాత్రము తీసికొని, వారి సందెను విడిచిపెట్టితిమి. పైగా యౌవనారంభమున దేహములోని గడియారము సహజముగనే వెనుకబడును. నిద్రను పిలుచు మెలటోనిన్ అను హార్మోను ఆలస్యముగా వెలువడును. పదునాఱేండ్ల బాలుడు పెందలకడ నిద్రపోలేకపోవుట సోమరితనము కాదు, వయోధర్మము. ఈ సత్యమును గుర్తించి కాలిఫోర్నియా రాష్ట్రము 2019లో చట్టము చేసి, 2022 నుండి ఉన్నతపాఠశాలలు ఉదయము ఎనిమిదిన్నరకు ముందు మొదలిడరాదని విధించినది.

చదువునకై నిద్రను త్యాగము చేయుటలో లాభమైనను కలదా? 1924లో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనువారు ఇద్దఱు విద్యార్థులచేత అర్థములేని అక్షరముల మాటలను కంఠస్థము చేయించి, మేల్కొనియున్న గంటలకంటె నిద్రించిన గంటలలో మఱపు తక్కువయని చూపిరి. తరువాతి పరిశోధనలు దీనిని బలపఱచినవి. పగలు చదివినది నిద్రలో పదిలమగును. నిద్రను దొంగిలించి చదువుట, కుండకు అడుగున చిల్లు పొడిచి పైనుండి నీరు పోయుట వంటిది.

చేయదగినది

ఇందుకు ఖరీదైన మందులు అక్కఱలేదు. పండుకొను వేళ ప్రతిదినము ఒక్కటిగా నుండవలెను. ఆ వేళకు గంట ముందే సెల్‌ఫోను పిల్లల చేతినుండి దిగవలెను. ఆ వెలుతురు మెదడునకు ఇంకను పగలేయని భ్రమ కలిగించును. సాయంకాలమున ఆటస్థలమున ఒక గంట పరుగులెత్తిన బిడ్డకు నిద్ర పిలువకయే వచ్చును. రాత్రి గురకపెట్టుచు, పగలు తూగు బిడ్డను వైద్యునికి చూపవలెను. తరగతిలో తూగు విద్యార్థిని బల్లపై నిలువబెట్టుటకు ముందు, "రాత్రి ఎప్పుడు పండుకొంటివి నాయనా?" అని యొక్క ప్రశ్న యడుగుట ఉపాధ్యాయునికి పెద్ద శ్రమ కాదు. ఆ ప్రశ్నకు వచ్చు సమాధానములో ఒక్కొక్కప్పుడు ఒక యింటి కథయే బయటపడును.

లావుగా నున్న పిల్లవానిని గుమ్మడికాయయని, బక్కగా నున్న పిల్లను చీపురుపుల్లయని తరగతిలో పిలుచుట మన బడులలో వేడుకగా సాగుచున్నది. గురువే ఆ పేరు పెట్టినచో, తోటివారు దానిని ఏడాది పొడవునను వాడుదురు. ఆ పిలుపుతో ఆ బిడ్డకు ప్రతి ఉదయమును ఒక పులి యెదురగును. ఏ దేహమును సరిదిద్దవలెనని ఆ మాట అనబడుచున్నదో, ఆ దేహమునే అది మఱింత చెఱచును. భోజనవేళ మందలించు తల్లిదండ్రులును, మధ్యాహ్నభోజనపు వరుసలో గద్దించు పెద్దలును ఆ జర్మనీ అనాథశాలను ఒక్కసారి తలచుకొనవలెను.

తెలుగునాట తల్లులు ఉయ్యాల యూపుచు జోల పాడిరి. తాళ్లపాక అన్నమాచార్యుడు వేంకటేశ్వరునికే జోల పాడెను. ఆ పాటలకు హార్మోనుల పేళ్లు తెలియవు. బిడ్డకు పగటి భయము దిగిపోవలెననియు, కడుపు నిండియుండవలెననియు, కన్ను మూతపడవలెననియు మాత్రము తెలియును. శాస్త్రము త్రాసులతోను, నెత్తుటి పరీక్షలతోను పోయి పోయి చేరిన చోటు ఆ యుయ్యాల ప్రక్కనే. ఉయ్యాల దిగిన బిడ్డ బడికి వచ్చును. అచ్చట జోల పాడనక్కఱలేదు; సాయంకాలము ఇంటికి పంపునపుడు ఆ బిడ్డ గుండెలో భయము మిగులకుండ పంపిన చాలును. ఆ రాత్రి నిద్ర తనంతట తాను వచ్చును.